కుస్తీలో వయసు విభాగాలు: 14, 15 ఏళ్లకు మ్యాట్ ఎక్కిన పిల్లల్ని ఎవరితో కలపాలి?

పీడీ_కామారెడ్డి:

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో జిల్లాలో ఒకరోజు కుస్తీ పోటీ పెడుతున్నాం. ఇది సెలక్షన్ కాదు. బడులు, క్లబ్బులు, తాలింఖానాలు (సంప్రదాయ కుస్తీ శిక్షణశాలలు) ఎవరైనా పిల్లల్ని పంపొచ్చు. ఎంట్రీలు 96 దగ్గర ఆగేలా ఉన్నాయి, అందులో అమ్మాయిలు 14 మంది. రెండు మ్యాట్‌లు ఉన్నాయి, హాలు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా మా చేతిలో ఉంటుంది.

ఇబ్బంది ఇదీ. అండర్-15 48 కిలోల్లో ఏడెనిమిదేళ్ల వయసు నుంచీ తాలింఖానాలో పెరిగిన పిల్లవాడూ, ఈ జూన్‌లో బడిలో మొదలుపెట్టిన పిల్లవాడూ ఒకే డ్రాలో పడతారు. వయసు సరిపోయింది, బరువు సరిపోయింది. బౌట్ మాత్రం 40 సెకన్లలో అయిపోతుంది. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లవాడు ఆ 40 సెకన్లు ఆడి సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చుంటాడు. మన దగ్గర ఎక్కువ మంది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే మొదలుపెడతారు కాబట్టి ఇది ఒకరిద్దరి సమస్య కాదు.

అడగదలచుకున్నవి:
ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకు ఒక ఏడాది వయసు సడలింపు ఇచ్చి కింది విభాగంలో ఆడించమని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?
కొత్తవాళ్లకు వేరే విభాగం పెడితే 'కొత్త' అంటే ఎంత కొత్త?
వయసుకు ఏ కాగితం నమ్మాలి?
అమ్మాయిలు 14 మందే, వాళ్లను ఎలా కలపాలి?

రెఫరీ_హన్మకొండ:

పీడీ గారూ, ముందు వయసు లెక్క తేల్చుకుందాం. సగం గొడవలు అక్కడే పుడతాయి.

ప్రపంచ కుస్తీ సంస్థ యునైటెడ్ వరల్డ్ రెజ్లింగ్ పుట్టిన తేదీ చూడదు, పుట్టిన సంవత్సరం చూస్తుంది. మన రెజ్లింగ్ ఫెడరేషన్ పోటీలూ ఆ విభాగాల మీదే నడుస్తాయి. 2026 లెక్క ప్రకారం అండర్-15 అంటే 2011, 2012లో పుట్టినవాళ్లు. 2013 పిల్లలు మెడికల్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల అనుమతి పత్రం ఉంటే ఆడొచ్చు. అండర్-17కు 2009, 2010. అవే రెండు కాగితాలతో 2011 వాళ్లూ ఆడొచ్చు. అండర్-20కి 2006 నుంచి 2008, కాగితాలతో 2009. తేదీ కాకుండా సంవత్సరం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మన రెజ్లర్ అంతిమ్ పంఘాల్‌ను చూడండి. 2004 ఆగస్టు 31న పుట్టింది. 2022 ఆగస్టులో అండర్-20 ప్రపంచ టైటిల్ గెలిచిన రోజుకు ఆమెకు 18 నిండలేదు, సంవత్సరం లెక్కలో మాత్రం 18.

స్కూల్ గేమ్స్ దారి వేరు. అక్కడ అండర్-14, 17, 19. కటాఫ్ తేదీ ఆ ఏడాది సర్క్యులర్‌లో ఉంటుంది, అదే చూసుకోండి. ఒకే పిల్లవాడు స్కూల్ గేమ్స్‌లో ఒక విభాగంలో, ఫెడరేషన్ పోటీలో ఇంకో విభాగంలో పడటం మామూలే. మీ ఎంట్రీ ఫారంలో 'అండర్-15' అని రాసి ఊరుకోకండి. 'పుట్టిన సంవత్సరం 2011 లేదా 2012' అని రాయండి. ఫోన్లు సగం తగ్గుతాయి.

ఈ లెక్కలోనే ఒక అసమానత ఉంది. 2011 జనవరి 1న పుట్టినవాడూ, 2012 డిసెంబర్ 31న పుట్టినవాడూ ఒకే విభాగం. తేడా రెండేళ్లకు ఒక్కరోజు తక్కువ. బరువు విభాగాలు ఉన్నాయి కాబట్టి ఫుట్‌బాల్‌లోనో హాకీలోనో ఉన్నంత దెబ్బ కుస్తీలో ఉండదు, కానీ పూర్తిగా పోదు.

సెలక్షన్ పోటీల్లో కొత్తవాళ్లకు ఏ వెసులుబాటూ పెట్టకండి. అక్కడ గెలిచినవాడు రేపు రాష్ట్రంలో, దేశంలో ఆడాలి. మీది ఓపెన్ పోటీ, మీకు చేతులు కట్టేసి లేవు.

టేబుల్_అఫీషియల్:

డ్రా పద్ధతి మార్చండి, సగం సమస్య పోతుంది.

8 మంది నాకౌట్ తీసుకుందాం. మొదటి రౌండ్‌లో నలుగురు ఓడతారు. ఫైనల్‌కు వెళ్లినవాళ్ల చేతిలో ఓడిన ఇద్దరికి రెపిచేజ్, అంటే కాంస్యం కోసం ఇంకో అవకాశం, వస్తుంది, మిగతా ఇద్దరు ఒక్క బౌట్‌తో ఇంటికి. ఆ ఇద్దరు దాదాపు ప్రతిసారీ కొత్తపిల్లలే. వాళ్లకు కావాల్సిందేమో బౌట్లు. ఎవరికి బౌట్లు ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ ఇచ్చే పద్ధతి ఇది.

దాని బదులు నలుగురు నలుగురిగా గ్రూపులు కట్టి, గ్రూపులో అందరూ అందరితో ఆడే పద్ధతి పెట్టండి. అమెరికా కిడ్స్ పోటీల్లో దీన్ని మాడిసన్ అంటారు. ముందే ప్రకటించిన బరువు విభాగాలు ఉండవు. పొద్దున బరువు చూస్తారు, ఒక్కో వయసు విభాగాన్ని అనుభవం ప్రకారం రెండు కట్టలు చేసి, ఒక్కో కట్టలో తక్కువ బరువు నుంచి ఎక్కువకు పేర్చి, నలుగురు నలుగురిగా కోస్తారు. గ్రూపులో అందరికంటే తేలికవాడికీ బరువైనవాడికీ తేడా 10 శాతం దాటకూడదు. 40 కిలోలవాడు ఉన్న గ్రూపులో 44 మించి వద్దు. దాటితే నలుగురి గ్రూపును ముగ్గురికి తగ్గించండి, బరువు మాత్రం సాగదీయకండి.

ఇందులో ఇంకో లాభం ఉంది. గీత ఎక్కడ పడుతుందో ఎవరికీ ముందు తెలియదు కాబట్టి బరువు దించుకుని వస్తే ఒరిగేదేమీ ఉండదు. ముందురోజు నీళ్లు మానేయడం, స్వెటర్ వేసుకుని పరిగెత్తడం దానంతట అదే ఆగుతుంది. 2024 పారిస్‌లో వినేష్ ఫొగాట్ 100 గ్రాముల తేడాతో 50 కిలోల ఫైనల్ పోగొట్టుకున్నాక బరువు దించడం ఎంత సన్నని తాడు మీద నడకో ఇంటింటికీ తెలిసింది. 13 ఏళ్ల పిల్లలకు ఆ తాడు చూపించనే వద్దు.

టైము లెక్క: 82 మంది అబ్బాయిలు అంటే నలుగురివి 19 గ్రూపులు, ముగ్గురివి 2. నలుగురి గ్రూపుకు 6 బౌట్లు, ముగ్గురిదానికి 3. మొత్తం 120. అమ్మాయిలవి సుమారు 26 అనుకోండి. 146 బౌట్లు. రూలు ప్రకారం ఈ వయసుకు 2 నిమిషాల చొప్పున రెండు పీరియడ్లు, మధ్యలో 30 సెకన్లు. మ్యాట్ మీదికి రావడం, చేయి ఎత్తడం కలిపి సగటున బౌట్‌కు 5 నిమిషాలు పడుతుంది. రెండు మ్యాట్‌ల మీద గంటకు 24 బౌట్లు, మొత్తం 6 గంటల పైన. బరువు చూడటానికి గంట, గ్రూపులు కట్టడానికి ముప్పావు గంట, భోజనానికి అరగంట తీస్తే మీకు మిగిలేది 5 గంటల 45 నిమిషాలు. సరిపోదు. పీరియడ్‌ను ఒకటిన్నర నిమిషానికి దించండి. సగటు 4 నిమిషాలకు వస్తుంది, గంటకు 30 బౌట్లు, 5 గంటల్లో అయిపోతుంది.

ఒక మ్యాట్ మీద ఒకేసారి మూడు గ్రూపుల్ని కలిపి నడపండి. ఒక గ్రూపు ఒక రౌండు, తర్వాత రెండో గ్రూపు, తర్వాత మూడోది. అలా అయితే ఒక్కో పిల్లవాడికి బౌట్‌కూ బౌట్‌కూ మధ్య సుమారు 20 నిమిషాలు దొరుకుతాయి. ఒకే గ్రూపును వరసగా నడిపితే రెండో బౌట్‌కే ఊపిరి అందదు. అప్పుడు గెలిచేది తయారీ ఎక్కువ ఉన్నవాడే.

'కొత్త'కు నెలల లెక్క పెట్టకండి. 'ఏడాది లోపు' అంటే వారానికి ఆరు రోజులు ఆడినవాడూ, సెలవుల్లో నాలుగు రోజులు ఆడినవాడూ ఒకటే అవుతారు. బౌట్ల లెక్క పెట్టండి. ఇప్పటిదాకా పోటీల్లో ఆడింది 10 బౌట్ల లోపు, రాష్ట్రస్థాయి పతకం లేదు అని కోచ్ సంతకం చేసి ఇవ్వాలి. అబద్ధమని తేలితే ఆ కోచ్ పిల్లలందరికీ వచ్చే పోటీలో కొత్త విభాగం మూసేస్తారని ఫారంలోనే రాయండి. మూడు బౌట్లూ మొదటి నిమిషంలోనే గెలిచినవాడు వచ్చేసారి నుంచి పైవిభాగం. ఇది శిక్ష కాదని పిల్లవాడికి చెప్పండి.

ఉస్తాద్_బోధన్:

జాతర కుస్తీలు జూసినోళ్లకు ఈ ముచ్చట కొత్తది గాదు. మా దిక్కు కొబ్బరికాయ కుస్తీతోని షురువైతది, ఆఖరుకు వెండి కడెం. ఆడ తరాజు లేదు, వయసు కాయితం లేదు. పిల్లగాండ్లు బరిల దిగితె పెద్దమనిషి ఇద్దరిని పక్కపక్కన నిలవెట్టి, మెడ, భుజం, పిక్క జూసి జోడి కడ్తడు. తేడా కండ్లవడితె జనమే వద్దంటరు. దాంట్ల తప్పులున్నయి, పెద్దమనిషి మనోళ్లు అనుకుంటె జోడి అటు ఒరుగుతది. గని ఆ కన్ను మాత్రం ఇడిసిపెట్టొద్దు.

టేబుల్ మీద గ్రూపులు కట్టినంక నలుగురిని మ్యాట్ పక్కన నిలవెట్టుండ్రి. పది సెకన్లు, పట్టుకు తయారుగ మోకాళ్లు వంచి నిలవడ్డట్టు, స్టాన్స్‌ల కుడికి ఎడమకు తిప్పుండ్రి. కాలు మీద కాలు దాటేసి నడిచేటోడు కొత్తోడు. జార్చుకుంట జరిగేటోడు పాతోడు, వాడు ఫారంల ఏం రాసినా సరే. చెవులు గూడ జూడుండ్రి, మడత వడ్డ చెవి మూడు నెలల్ల రాదు. మార్చేదుంటె అప్పుడే మార్చుండ్రి. ఒక్క బౌట్ అయినంక మారిస్తె లొల్లి ఆగదు.

ఇంగొకటి. కబడ్డీ నుంచి వచ్చిన పిల్లలు మనకు మస్తుమంది. వాళ్లు కొత్తోళ్లే. కాలు దొరకవడ్తరు, నడుము వడ్తరు, దమ్ము గూడ ఉంటది. గని గీత ముట్టాలని బోర్ల వడి పాకుడు అలవాటు. మ్యాట్ మీద బోర్ల వడితె వెనకొచ్చి తిప్పుతనే ఉంటరు. జూడో నుంచి వచ్చినోళ్లను మాత్రం కొత్తోళ్లల్ల వెయ్యకుండ్రి. వాళ్లకు ఇసిరేసుడు తెల్సు, వడుడు తెల్సు.

పీడీ_కామారెడ్డి:

చాలా ఉపయోగం. గ్రూపుల పద్ధతికే వెళ్తాం. సడలింపు మాట మీద మాత్రం తల్లిదండ్రులు వదలడం లేదు. 'మా వాడు 16, కానీ ఆరు నెలలే అయింది, 48 కిలోలే ఉన్నాడు, చిన్నవాళ్లతో ఆడితే తప్పేంటి' అంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

ఫిజియో_గుంటూరు:

ఇవ్వకండి సర్. బరువు సమానమే కదా అనేది వినడానికి బాగుంటుంది, శరీరం అలా పనిచేయదు.

48 కిలోల 13 ఏళ్లవాడికీ 48 కిలోల 16 ఏళ్లవాడికీ తేడా ఎముకలో, పట్టులో, కండ బలంలో ఉంటుంది. అబ్బాయిలకు ఎత్తు వేగంగా పెరిగే దశ సగటున 13న్నర, 14 ఏళ్ల దగ్గర వస్తుంది. కండబలం దాని తర్వాత పెరుగుతుంది. 16 ఏళ్లవాడు చాలావరకు ఆ మలుపు దాటి ఉంటాడు. 13 ఏళ్లవాడి ఎముకల చివర పెరుగుదల పొర ఇంకా మెత్తగా ఉంటుంది. పైగా పెద్దవాడు కొత్తవాడు. ఎత్తినవాణ్ని ఎలా దించాలో తెలియదు, తన బరువంతా ఎదుటివాడి మోచేయి మీదో మెడ మీదో వేసి పడతాడు. నేర్పు ఎక్కువున్నవాడి చేతిలో ఓడితే పాయింట్లు పోతాయి. బలం ఎక్కువుండి అదుపు లేనివాడి కింద పడితే కీలు పోతుంది. అందుకే వయసు, బరువు రెండూ భద్రత కోసం గీసిన గీతలు, వాటిని కదపకూడదు. అనుభవం మూడో గీత. న్యాయం కోసం కావాలంటే దాన్ని అదనంగా గీయండి. ఆ 16 ఏళ్ల అబ్బాయి అండర్-17 కొత్తవాళ్ల గ్రూపులో ఆడాలి.

ఇక్కడ ఇంకో మాట. ఆలస్యంగా మొదలుపెట్టడం వేరు, ఆలస్యంగా ఎదగడం వేరు. రెండిటినీ కలిపేస్తున్నాం. ఒకే ఏడాదిలో పుట్టిన పిల్లల ఎముకల వయసులో నాలుగేళ్ల తేడా కూడా కనిపిస్తుంది. ఎనిమిదో ఏట మొదలుపెట్టినా ఎదుగుదల వెనకపడి 14లో ఓడుతూ ఉండే పిల్లలున్నారు. 14లో మొదలుపెట్టి, ఎదుగుదల ముందే వచ్చేసి, బలంతో నెలల్లోనే గెలిచేవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్లు కష్టంలో ఉన్నట్టు కనపడరు. వాళ్లు 17లో ఇబ్బంది పడతారు, ఎందుకంటే అప్పటికి మిగతావాళ్ల బలం వాళ్లను అందుకుంటుంది, టెక్నిక్ మాత్రం వీళ్లకు ఉండదు. బలంతో గెలుస్తున్న కొత్తవాణ్ని తొందరపడి పైవిభాగానికి తోయకపోవడమూ, ఆ గెలుపు చూసి మురిసిపోకపోవడమూ కోచ్ పని.

ఎదుగుదల తెలుసుకోవడానికి పోటీ దగ్గర ఎవరూ పిల్లల శరీరాన్ని పరీక్షించకూడదు. కోచ్ చేయగలిగింది ఒకటే. మూడు నెలలకోసారి, అదే సమయానికి, చెప్పులు లేకుండా, గోడకు ఆనించి ఎత్తు కొలిచి రాసుకోవడం. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లు దాటి పెరిగితే వేగంగా పెరిగే దశలో ఉన్నట్టే. ఆ నెలల్లో కాళ్లూ చేతులూ అదుపు తప్పినట్టు ఉంటాయి, మోకాలి కింద ఎముక నొప్పి వస్తుంది. మెడ మీద బ్రిడ్జి (తల నేలకు ఆనించి ఒళ్లు విల్లులా లేపడం), బరువైనవాణ్ని ఎత్తే డ్రిల్లు తగ్గించి స్టాన్స్, చేతి పట్లు ఎక్కువ చేయించాలి.

రెఫరీ_హన్మకొండ:

ఫిజియో గారు చెప్పినదానికి కొనసాగింపు. అండర్-15, అండర్-17లో ముందు నుంచి గానీ పక్క నుంచి గానీ డబుల్ నెల్సన్ (రెండు చేతులతో మెడను వంచి నొక్కే పట్టు) వేయడం అంతర్జాతీయ రూల్లోనే నిషేధం. కొత్తవాళ్ల గ్రూపులకు ఇంకో రెండు స్థానిక రూల్స్ పెట్టుకోండి.

ఒకటి, నిలబడి ఉండగా వెనక నుంచి ఎత్తి తల మీదుగా విసరడం వద్దు. చెయ్యి లేకుండా ఒట్టి తలను మాత్రమే బిగించి విసరడం రూల్ ప్రకారమే తప్పు, దాన్ని ఈ గ్రూపుల్లో మరింత త్వరగా ఆపండి. కొత్తపిల్లలు ముందు నేర్చుకునేది అదే, వెంటనే గెలిపించేదీ అదే.

రెండోది ముఖ్యం. 40 సెకన్ల బౌట్ ఎలా పుడుతుందో చూడండి. టేక్‌డౌన్‌కు, అంటే నిలబడ్డవాణ్ని కిందికి దించి అదుపులోకి తెచ్చుకుంటే, 2 పాయింట్లు. కింద పట్టు వదలకుండా నాలుగుసార్లు తిప్పితే 2 చొప్పున 8. మొత్తం 10, ఫ్రీస్టైల్‌లో 10 పాయింట్ల తేడా అంటే సాంకేతిక ఆధిక్యం, బౌట్ ముగిసింది. పిల్లవాడు ఒక్కసారే కిందపడ్డాడు, ఒక్క తప్పే చేశాడు. కాబట్టి కొత్తవాళ్ల గ్రూపులో ఒక టేక్‌డౌన్ తర్వాత ఒక్కసారి తిప్పితే చాలు, రెఫరీ ఇద్దరినీ లేపాలి. ఫాల్ మాత్రం ఉంచండి, చిత్తు చేయడం కుస్తీకి ప్రాణం. ఈ ఒక్క మార్పుతో బౌట్ రెండో పీరియడ్‌కు వెళ్తుంది. బౌట్‌కు ముందు ఇద్దరికీ, ఇద్దరి కోచ్‌లకూ చెప్పడం మరవకండి.

కేటీ_టెక్సాస్:

ఇక్కడ తెలుగు పిల్లలు చాలామంది హైస్కూల్‌కు వచ్చాకే కుస్తీ మొదలుపెడతారు, కాబట్టి ఈ చర్చ మాకూ దగ్గరిదే.

చిన్నపిల్లల టోర్నమెంట్లలో నావిస్ (కొత్తవాళ్లు), ఓపెన్ (అందరూ) అని రెండు విభాగాలు పెట్టడం మామూలు. నావిస్ అంటే ఎక్కువచోట్ల మొదటి లేదా రెండో సీజన్. టేబుల్ అఫీషియల్ గారు చెప్పిన లోపం ఇక్కడా ఉంది. రెండో సీజన్ చివర్లో ఉన్న పిల్లవాడు ఏడాది పొడుగునా క్లబ్బులో ఆడి కూడా నావిస్‌లో దిగి పతకాలు పోగేసుకుంటాడు. బౌట్ల లెక్క మేలు.

హైస్కూల్లో వర్సిటీ (బడి మొదటి జట్టు), జూనియర్ వర్సిటీ (రెండో జట్టు) ఉంటాయి. కొత్తవాడు వర్సిటీలో చోటు రాకపోయినా జూనియర్ వర్సిటీ మీట్లలో సీజన్‌లో ఎన్నో బౌట్లు ఆడతాడు. ఆలస్యంగా మొదలుపెట్టినవాణ్ని నిలబెట్టేది అవే. టోక్యోలో 68 కిలోల స్వర్ణం గెలిచిన తమైరా మెన్సా-స్టాక్ ఇదే కేటీలో పదో తరగతిలో కుస్తీ మొదలుపెట్టింది. అయితే ఆమెకు అప్పటికే పరుగుల అలవాటు ఉంది. అమ్మాయిల కుస్తీలో చిన్నప్పటి నుంచి ఆడినవాళ్లు అప్పట్లో తక్కువ. అబ్బాయిలకు ఆ దారి అంత తెరిచి లేదు, దాచి చెప్పడం ఎందుకు.

బరువు విషయంలో ఇక్కడి పద్ధతి తీసుకోదగ్గది. 1997 చివర్లో కొద్దివారాల్లో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు దించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాత రూల్స్ బిగిశాయి. ఇప్పుడు హైస్కూల్లో సీజన్‌కు ముందు ఒంట్లో నీటిశాతం చూసి, కొవ్వు కొలిచి, ఎంత బరువు వరకు దిగొచ్చో రాసిస్తారు. అబ్బాయిలకు 7 శాతం కొవ్వు, అమ్మాయిలకు 12 శాతం కంటే కిందికి దిగే బరువు ఒప్పుకోరు. వారానికి శరీర బరువులో ఒకటిన్నర శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. 50 కిలోల పిల్లవాడికి అది వారానికి 750 గ్రాములు. మీ దగ్గర కొలిచే పరికరాలు లేకపోయినా ఈ 750 గ్రాముల మాట కోచ్‌లకు చెప్పొచ్చు.

కోచ్_విజయనగరం:

పీడీ గారూ, అమ్మాయిల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

14 మందిని నలుగురు నలుగురిగా కోయాలని చూడకండి. బరువులు అలా కుదరవు. వయసు విభాగం, 10 శాతం బరువు, ఈ రెండూ తప్పకుండా ఎన్ని గ్రూపులు అయితే అన్ని కట్టండి. ఇద్దరే మిగిలితే ఇద్దరికీ మూడు బౌట్లు పెట్టండి, రెండు గెలిచినవాళ్లు విజేత. ఒక్కరే మిగిలితే పతకం చేతిలో పెట్టి పంపించడం న్యాయం అనిపించుకోదు. దగ్గరి బరువున్న అమ్మాయితో, రెండువైపులా కోచ్‌లూ తల్లిదండ్రులూ ఒప్పుకుంటే, లెక్కలోకి రాని బౌట్ ఆడించండి. సంఖ్య చాలలేదని అబ్బాయిల గ్రూపులో కలపకండి. అమ్మాయిలకు ఎదుగుదల వేగం అబ్బాయిల కంటే దాదాపు రెండేళ్లు ముందు, 12 దగ్గరే వస్తుంది. 12లో అమ్మాయిదే పైచేయిగా ఉండొచ్చు, 14 దాటాక లెక్క తిరగబడుతుంది. బరువు చూసే గది వేరే ఉండాలి, అక్కడ ఆడవాళ్లే ఉండాలి. ఇది లేదని తెలిస్తే ఎంట్రీలు 14 నుంచి 6కు పడిపోతాయి.

ఇక తయారీ. పోటీకి నెల ఉంది కదా, కొత్తపిల్లలకు ఆ నెలలో ఏం నేర్పాలో రాస్తాను. వారానికి మూడు రోజులు, గంటన్నర చొప్పున అనుకుంటే 12 సెషన్లు.

మొదటి మూడు సెషన్లు పడటం. కొత్తవాళ్లు పడేటప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనిస్తారు. శరీర బరువు, ఎదుటివాళ్ల బరువు రెండూ ఆ నిటారు మోచేయి మీద పడి కీలు తొలుగుతుంది. కొత్తపిల్లల పెద్ద గాయాల్లో ముందు చూసుకోవాల్సింది ఇదే. గడ్డం ఛాతీకి ఆనించి, చెయ్యి లోపలికి మడిచి, భుజం మీదుగా దొర్లడం రోజూ 30 సార్లు. తర్వాత స్టాన్స్, స్ప్రాల్. కాళ్లు వెనక్కి విసిరి నడుము కిందికి దించడం 10 చొప్పున 5 సెట్లు. తల దించి కాళ్ల మీదికి దూకొద్దని మొదటిరోజే చెప్పాలి. కళ్లు ముందుకు చూడాలి, నుదురు ఎదుటివాళ్ల ఛాతీకో పక్కటెముకలకో ఆనాలి. తల దించి దూకితే మెడ పోతుంది.

దాడికి రెండే నేర్పండి. ఒక కాలు పట్టడం, ఎదుటివాళ్ల చేయి కింద నుంచి దూరి వాళ్ల వెనక్కి వెళ్లడం. కొత్తవాళ్లకు పది పట్లు చూపిస్తే బౌట్‌లో ఒక్కటీ గుర్తురాదు.

మిగిలిన సమయమంతా కింద కాపాడుకోవడం మీద పెట్టండి. హన్మకొండ రెఫరీ గారు చెప్పిన 2, 8, 10 లెక్క ఆపేది ఇదే. బోర్లా పడగానే మోచేతులు పక్కటెముకలకు అతకాలి, నడుము నేలకు నొక్కాలి, చీలమండలు ఒకదాని మీద ఒకటి వేయకూడదు. వేస్తే రెండు కాళ్లూ ఒకేసారి దొరికిపోతాయి. తిప్పుతున్న వైపు మోకాలు బయటికి తెరిచి అడ్డం పెట్టాలి. 30 సెకన్లు తిరగకుండా ఉండగలిగితే రెఫరీ లేపుతాడు. రోజూ 30 సెకన్లవి 6 రౌండ్లు, ప్రతిసారీ భాగస్వామి మారాలి.

జరిగే తప్పు ఒకటి ఉంది. కొత్తపిల్లల్ని సీనియర్లకు జోర్ (సాధన కుస్తీ) భాగస్వామిగా ఇచ్చి వదిలేస్తారు. సీనియర్ తన పట్టు పదునుపెట్టుకుంటాడు, కొత్తవాడు గంటన్నర సేపు పడుతూనే ఉంటాడు. అలా చేస్తే రెండో నెలలో పిల్లలు రావడం మానేస్తారు. మూడు రౌండ్లలో ఒకటి సీనియర్‌తో, రెండు సాటివాళ్లతో ఉండాలి. సీనియర్‌తో ఉన్న రౌండులో సీనియర్‌కు పని చెప్పాలి: ఎడమవైపు మాత్రమే దాడి, లేదా కాపాడుకోవడం మాత్రమే.

మీసేవ_లెక్కలు:

కాగితాల ప్రశ్నకు జవాబు.

జనన ధ్రువపత్రంలో పుట్టిన తేదీ కంటే ముందు నమోదు తేదీ చూడండి. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో నమోదు చేయాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పుట్టిన నెలలోనే నమోదైన పత్రం గట్టిది. పదేళ్ల తర్వాత నమోదైనది తప్పుడుదే అనలేం, ఇంట్లో పుట్టిన పిల్లలు ఎందరో ఉన్నారు. అలాంటప్పుడు బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో మొదటిసారి చేరినప్పటి తేదీ తెప్పించుకోండి. ఒకటో తరగతి రిజిస్టర్ రాసినప్పుడు ఎవరికీ కుస్తీ ఆలోచన ఉండదు. రెండూ కలిస్తే ఒప్పుకోండి. ఆధార్ గుర్తింపుకే, పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని ఇచ్చే సంస్థే చెప్పింది.

2025లో నకిలీ జనన పత్రాల మీద జాతీయ ఫెడరేషన్ కొందరు ఆటగాళ్లను సస్పెండ్ చేసింది. మీ స్థాయిలో చిన్న తేడాను చూసీచూడనట్టు వదిలేస్తే ఆ పిల్లవాడు అదే కాగితంతో పైకి వెళ్లి అక్కడ పట్టుబడతాడు. అప్పుడు పోయేది అతని భవిష్యత్తే.

చేతి మణికట్టు ఎక్స్‌రే తీయించమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. ఆ ఎక్స్‌రే చూసి ఎముక వయసు లెక్కగట్టే టీడబ్ల్యూ3 పద్ధతిలో అబ్బాయిలకు 16న్నర, అమ్మాయిలకు 15 దగ్గర ఎముక పూర్తి అయినట్టు లెక్క. ఆ పైన అది ఏమీ చెప్పలేదు. అంతకు ముందు కూడా అది ఎముక ఎంత ఎదిగిందో చెబుతుంది, పుట్టిన తేదీ చెప్పదు. సరిగా తిండి లేని పిల్లవాడి ఎముక వెనకబడి చిన్నవాడిలా కనిపిస్తాడు. ముందే ఎదిగిన పిల్లవాడి మీద లేని మచ్చ పడుతుంది. ఒకరోజు పోటీకి అది అక్కర్లేదు.

పీడీ_కామారెడ్డి:

సడలింపు లేదని రేపే తల్లిదండ్రులకు చెబుతాను. అండర్-17లో కొత్తవాళ్ల గ్రూపులు పెడుతున్నాం అంటే వింటారనుకుంటున్నాను. '15 ఏళ్లకు మొదలుపెట్టాడు, ఇంకేం లాభం' అని అడిగేవాళ్లూ ఉన్నారు. అలాగే, కొత్తవాళ్ల గ్రూపు విజేతకు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఏం రాయాలి?

టేబుల్_అఫీషియల్:

15 ఏళ్లవాడికి క్యాలెండర్ చూపించండి. 2011లో పుట్టినవాడు 2028 డిసెంబర్ దాకా అండర్-17, 2031 దాకా అండర్-20, 2034 దాకా అండర్-23. ఈ ఏడాది 30 బౌట్లు దొరికితే వచ్చే ఏడాదికి వాడు కొత్తవాడు కాదు. హకీంపేట క్రీడా పాఠశాలలో ప్రవేశం నాలుగో తరగతిలోనే కాబట్టి ఆ తలుపు మూసుకుపోయింది. యూనివర్సిటీ పోటీల తలుపు తెరిచే ఉంది.

సర్టిఫికెట్ మీద 'అండర్-17, ప్రారంభ విభాగం, గ్రూపు విజేత, ఆడిన బౌట్లు 3' అని అచ్చు వేయించండి. 'జిల్లా ఛాంపియన్' అని ఎక్కడా రాయకండి. ఆ మాట ఉంటే వచ్చే ఏడాది ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఆ విభాగంలోకి దూరాలని చూస్తారు. వెనకవైపు మూడు బౌట్ల స్కోర్లు చేత్తో రాసి టేబుల్ ముద్ర వేయండి. ఆ పిల్లవాడికి 10 బౌట్ల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది, వచ్చే పోటీలో కోచ్ మాట మీద ఆధారపడక్కర్లేదు.

తరాజును ముందురోజు సాయంత్రమే హాల్లో పెట్టి, 20 కిలోల ప్లేటు రెండు వేసి చూడండి. పొద్దున తేడా బయటపడితే గ్రూపులన్నీ మళ్లీ కోయాల్సి వస్తుంది.